నేను ఏ పక్క నిలవాలి టీచర్?

కిందటేడు నవంబరు ఒకటో తారీఖు, కర్ణాటక రాజ్యోత్సవం. మా బడి ఆవరణలోనే కన్నడ మీడియం బడి కూడా ఉంది. గేటు ఒకటే, మైదానం ఒకటే, నీళ్ళ కుళాయిలూ రెంటికీ కలిపే. జెండా ఎగరేసి పాటలు పాడించాక పిల్లలకు ఆటలు పెట్టాం. తాడు లాగుడు పోటీకి జట్లు కట్టే పని నా మీద పడింది. ఎండ ఎక్కుతోంది, పిల్లలు ఒకటే గోల. ఎక్కువ ఆలోచించకుండా "తెలుగువాళ్ళు ఈ పక్క, కన్నడవాళ్ళు ఆ పక్క" అనేశాను.

నిమిషంలో రెండు వరుసలు తయారయ్యాయి. ఒక్క అమ్మాయి మాత్రం తాడు మధ్యలో ఎర్రగుడ్డ కట్టినచోటే ఆగిపోయింది. ఐదో తరగతి, నా దగ్గరే చదువుతోంది. "మా అమ్మది కన్నడ, నాయనది తెలుగు. నేను ఏ పక్క నిలవాలి టీచర్?" అని అడిగింది. "నువ్వు మన బడి పిల్లవే కదా, ఇటు రా" అన్నాను. వచ్చింది. అవతలి వరుసలో ఆమె పెద్దమ్మ కొడుకు ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు మా జట్టు గెలిచింది. మేమూ గట్టిగానే చప్పట్లు కొట్టాం. మర్నాడు మధ్యాహ్నం కుళాయిల దగ్గర "మీ తెలుగోళ్ళు మోసం చేసి గెలిచారు" అని ఒకరు, "మీ కన్నడోళ్ళకు చేతగాక ఏడుస్తున్నారు" అని ఇంకొకరు. మూడో రోజుకు తోపులాట. ఒక పిల్లవాడి నుదురు గోడకు తగిలి చిట్లింది. ఆ సాయంత్రం ఒక తండ్రి వచ్చి, "వాళ్ళ పిల్లలు మన పిల్లల్ని కొడుతుంటే మీరు చూస్తూ ఊరుకుంటారా?" అని నన్ను నిలదీశారు. దసరా సెలవుల ముందు వరకు ఆ పిల్లలంతా ఒకరి డబ్బాలో అన్నం ఇంకొకరు పంచుకుని తిన్నవాళ్ళే. వాళ్ళ మధ్య "వాళ్ళు", "మనం" అనే మాటలు ఎక్కడ నుంచి వచ్చాయి? వెతుక్కుంటూ పోతే నేను ఇచ్చిన ఆ ఒక్క కేకే కనిపించింది.

బీఈడీలో మనోవిజ్ఞాన శాస్త్రం చదివాం, పరీక్ష రాసి మరిచిపోయాం. ఆ గొడవ తర్వాత మళ్ళీ ఆ పుస్తకాలు తీశాను. మన పేజీ చదివే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు పనికొస్తాయనిపించిన సంగతులు ఇక్కడ చెబుతున్నాను.

గుంపు కట్టడానికి కారణం అక్కర్లేదు

హెన్రీ తాజ్‌ఫెల్ పోలండులో పుట్టిన యూదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉండి జర్మన్లకు చిక్కాడు. బందీగా ఉండి బతికి బయటపడ్డాడు గానీ, యుద్ధం ముగిసి వచ్చేసరికి ఆయన కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మామూలు మనుషులు పక్కింటివాళ్ళను పరాయివాళ్ళుగా ఎలా చూడగలుగుతారు అన్న ప్రశ్న ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఆయన 14, 15 ఏళ్ళ బడిపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. తెరమీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో ఊహించమన్నాడు. తర్వాత, ఎక్కువ లెక్క చెప్పినవాళ్ళు ఒక గుంపు, తక్కువ చెప్పినవాళ్ళు ఇంకో గుంపు అని వాళ్ళకు చెప్పాడు. నిజానికి ఎవరిని ఎందులో వేయాలో చీటీ తీసినట్టే వేశారు. తన గుంపులో ఇంకా ఎవరున్నారో కూడా ఏ పిల్లవాడికీ తెలియదు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళకు కొద్దిపాటి డబ్బు పంచమన్నారు. పేర్లు లేవు, అంకెలు మాత్రమే. పంచేవాడికి అందులో ఒక్క పైసా రాదు.

అయినా ఎక్కువమంది పిల్లలు తమ గుంపువాళ్ళకే ఎక్కువ ఇచ్చారు. ఇంకో విషయం నన్ను మరీ ఆలోచింపజేసింది. రెండు గుంపులకూ బాగా డబ్బు వచ్చే పద్ధతి ఎదురుగా ఉన్నా, చాలామంది దాన్ని వదిలి, తమ గుంపుకు కాస్త తక్కువ వచ్చినా సరే, అవతలి గుంపు కంటే పైన ఉండే పద్ధతిని ఎంచుకున్నారు. అంటే మనకెంత వచ్చిందన్న దానికన్నా వాళ్ళకన్నా ఎక్కువ వచ్చిందా లేదా అన్నదే ముఖ్యమైపోయింది.

చుక్కల లెక్కతోనే ఇంత జరిగితే భాషతో ఏం జరగాలి? చుక్కలకు పాటలు లేవు, పండుగలు లేవు, జెండాలు లేవు. భాషకు అవన్నీ ఉన్నాయి.

నెలల పిల్లలకూ భాష తెలుసు

భాష తేడా మనం నేర్పకముందే పసిపిల్లలు గుర్తుపడతారు. 2007లో కేథరిన్ కింజ్లర్, ఆమె సహచరులు అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ పది నెలల పిల్లలకు తెరమీద ఇద్దరు మనుషుల్ని చూపించారు. ఒకరు ఇంగ్లీషులో, ఒకరు ఫ్రెంచిలో మాట్లాడారు. తర్వాత ఇద్దరూ ఒకేలాంటి బొమ్మను అందించారు. అమెరికా పిల్లలు ఇంగ్లీషు మాట్లాడినవారి బొమ్మవైపు, ఫ్రెంచి పిల్లలు ఫ్రెంచి మాట్లాడినవారి బొమ్మవైపు ఎక్కువగా చెయ్యి చాచారు.

"పసిపిల్లలకే ఉంటే ఇక మనం చేసేదేముంది?" అనిపిస్తుంది. కానీ ఆ పిల్లలు ఇంకో భాషవారిని ద్వేషించలేదు, విన్న గొంతువైపు మొగ్గారు అంతే. జాతరలో తప్పిపోయిన పిల్లవాడికి ఎక్కడో "దా బిడ్డా" అన్న మాట వినిపిస్తే అటే పరిగెడతాడు. అది తప్పు కాదు. ఆ మొగ్గు "వాళ్ళు మంచివాళ్ళు కాదు" అన్న మాటగా ఎప్పుడు మారుతుందన్నదే మనం పట్టించుకోవలసిన సంగతి. ఆ సమాధానం తరగతి గదిలోనే దొరికింది.

టీచరు నోట రంగు పేరు

1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన రెబెక్కా బిగ్లర్ బృందం ఒక వేసవి బడి ఫలితాలు ప్రచురించింది. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు పసుపు, నీలం రంగు టీషర్టులు ఇచ్చారు. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగును వాడుకున్నారు. నీలంవాళ్ళు ఇక్కడ కూర్చోండి, పసుపువాళ్ళు వరుసలో నిలబడండి అంటూ రోజూ రంగుపేరుతో పిలిచి పనులు చేయించారు. ఏ రంగునూ మెచ్చుకోలేదు, ఏ రంగునూ తిట్టలేదు. మిగిలిన తరగతుల్లోనూ పిల్లలు అవే టీషర్టులు వేసుకున్నారు గానీ టీచర్లు రంగు మాటే ఎత్తలేదు.

కొన్ని వారాల తర్వాత చూస్తే, టీచర్లు రంగుపేరుతో పిలిచిన తరగతుల్లో పిల్లలు తమ రంగువాళ్ళే మంచివాళ్ళన్నట్టు మాట్లాడసాగారు. టీచర్లు పట్టించుకోని తరగతుల్లో అలాంటి పక్షపాతం కనిపించలేదు. కళ్ళముందు రంగు రెండుచోట్లా ఉంది. దాన్ని టీచరు వాడుకున్నచోటే గీత అయింది.

ఇది చదివిన రాత్రి నా రాజ్యోత్సవం కేక మళ్ళీ గుర్తొచ్చింది. నేను కన్నడ పిల్లల్ని ఒక్క చెడ్డమాట అనలేదు. అనక్కర్లేకపోయింది. "ఈ పక్క, ఆ పక్క" అంటే చాలు, మిగతా అర్థమంతా పిల్లలే పూరించుకున్నారు. పెద్దవాళ్ళు దేన్నిబట్టి విడదీస్తారో అదే ముఖ్యమైనదని వాళ్ళు అనుకుంటారు. మనం బడిలో వేసే ప్రతి వరుసా వాళ్ళకు ఒక పాఠమే.

ఏరు దాటితే గీత మారుతుంది

మన శక్తినగర్‌నే తీసుకుందాం. 1985లో రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ మొదలైంది. ఇప్పుడు ఎనిమిది యూనిట్లు, 1720 మెగావాట్లు. ఆ పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళ పిల్లలు, దేవసూగూరు చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు కలిసి పెరుగుతున్న చోటు ఇది. కృష్ణమీద వంతెన దాటితే తెలంగాణ.

1956 నవంబరు 1కి ముందు ఈ రెండు ఒడ్లూ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేవి. ఆ రోజున రాష్ట్రాలను భాషలవారీగా పునర్వ్యవస్థీకరించారు. రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది, అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు గానీ ఇక్కడి తెలుగు ఇళ్ళూ అక్కడి కన్నడ ఇళ్ళూ ఒక్క రోజులో అల్పసంఖ్యాకులయ్యాయి. ఇవాళ వంతెన దాటి నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోకి వెళ్తే అక్కడ కన్నడ మీడియం బడులున్నాయి. మన బడుల్లాంటి అవస్థలే వాటికీ ఉంటాయి. పిల్లలు తగ్గుతున్నారన్న దిగులు, పుస్తకాలు వేళకు వస్తాయా అన్న ఎదురుచూపు, పైచదువుకు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న. ఇక్కడ మనం ఏ కష్టం చెప్పుకుంటున్నామో అక్కడ "వాళ్ళు" అదే కష్టం చెప్పుకుంటున్నారు.

పోనీ, భాష ఒకటైతే తగువు లేదా? మాన్వి తాలూకాలో తుంగభద్రమీద రాజోలిబండ ఆనకట్ట ఉంది. దాని ఎడమ కాలువ నీళ్ళు మన జిల్లా మీదుగా గద్వాల, ఆలంపూరు పొలాలకు పోతాయి. ఆ నీళ్ళకోసం ఏళ్ళతరబడి వాదులాడుకున్నవాళ్ళలో పాలమూరు రైతులు ఒకవైపు, కర్నూలు రైతులు ఇంకోవైపు. ఇద్దరిదీ తెలుగే. అక్కడ గీత భాషది కాదు, నీళ్ళది. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు వెళ్తే, కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళలోనే ఊరివాళ్ళు, క్యాంపువాళ్ళు అన్న తేడా వినిపిస్తుంది. గీత గీయాలనుకుంటే మనసుకు ఏదో ఒకటి దొరుకుతుంది.

మరి తెలుగు బడి ఎందుకు?

ఈ మాటలు విన్న ఒక సహోపాధ్యాయిని నన్ను సూటిగా అడిగింది. "అయితే మన బడే ఒక గీత కదా? మూసేసి అందరినీ ఒకే బడిలో కలిపేద్దామా?"

నేను అలా అనుకోవడం లేదు. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగిన 1956లోనే, ఏడో సవరణతో దాన్ని చేర్చారు. గీతలు గీసినప్పుడు ఎవరో ఒకరు అవతలివైపు మిగిలిపోతారని తెలిసే ఆ ఏర్పాటు చేశారు. ఆరేళ్ళ పిల్లకు అర్థమయ్యే భాషలో లెక్కలు చెప్పడం కోసం ఈ బడి. పక్క బడి పిల్లకన్నా మనం వేరని చెప్పడం కోసం కాదు. బోర్డుమీద రాసిన "తెలుగు మాధ్యమం" అన్నది పాఠం చెప్పే భాషకు పేరు. పిల్లల నుదుటిమీద అతికించే చీటీ కాదు.

మనవాళ్ళమీద ప్రేమ ఉన్నంతమాత్రాన పరాయివాళ్ళమీద పగ ఉండాలని లేదు. మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం, బేంద్రే ఇంటి భాష మరాఠీ. ఇద్దరికీ జ్ఞానపీఠం వచ్చింది కన్నడ రచనకే. మన పాల్కురికి సోమనాథుడు తెలుగులోనూ కన్నడంలోనూ రాశాడు. అమ్మ భాష పోగొట్టుకోకుండానే ఊరి భాషలో ఇంత ఎత్తుకు వెళ్ళవచ్చని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పేర్లు ఏముంటాయి?

కలిపి కూర్చోబెడితే చాలదు

పిల్లల్ని ఒకచోట చేర్చితే చాలు, స్నేహాలు అవే కుదురుతాయని అనుకుంటాం. హార్వర్డ్‌లో పనిచేసిన గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే అది చాలదన్నాడు. రెండు గుంపులూ సమాన హోదాలో ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, అది సాధించడానికి కలిసి పనిచేయాలి, పైనున్న పెద్దలు దానికి మద్దతివ్వాలి. ఈ నాలుగూ ఉంటేనే కలయిక మంచి చేస్తుందన్నాడు. మా మైదానంలో రెండు బడుల పిల్లలు ఏళ్ళుగా కలిసే ఉన్నారు. కానీ కలిసి చేసే పని మేము ఒక్కటీ ఇవ్వలేదు. ఇచ్చిన ఒక్క పనీ చెరోవైపు తాడు లాగమని.

అదే 1954లో ముజఫర్ షెరీఫ్ అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది పదకొండేళ్ళ అబ్బాయిలను వేసవి శిబిరానికి తీసుకెళ్ళాడు. రెండు గుంపులు చేసి పోటీలు పెడితే జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. కలిపి అన్నం పెడితే అన్నం విసురుకున్నారు. చివరికి శిబిరానికి నీళ్ళు రాకుండా చేసి, అందరూ కలిసి వెతికితేగాని లోపం దొరకని పరిస్థితి కల్పించాడు. అలాంటి ఉమ్మడి పనులు కొన్ని అయ్యాక పగ మెల్లగా తగ్గింది. ఆ ప్రయోగంలో పెద్దలే పిల్లల్ని ఎగదోశారన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయితే అంతకుముందు ఏడాది షెరీఫ్ ఇలాంటి ప్రయత్నమే చేస్తే అది సాగలేదు. విడదీయకముందే ఆ పిల్లలు స్నేహితులైపోయారు, ఎగదోసినా కొట్టుకోలేదు. నాకు ఈ రెండోదే ఎక్కువ ధైర్యమిచ్చింది.

మేము ఏం చేశామంటే, కన్నడ మీడియం బడిలోని ఒక టీచరూ నేనూ కలిసి శనివారం ఒక పీరియడు ఉమ్మడిగా పెట్టుకున్నాం. మొదటివారం మాటల వేట. తెలుగు మాటలో మొదటి "ప" తీసి "హ" పెట్టి చూడండి అన్నాం. పాలు, హాలు. పులి, హులి. పువ్వు, హూవు. పంది, హంది. పల్లె, హళ్ళి. పాత కన్నడంలో అవీ "ప"తోనే ఉండేవని, తర్వాత "హ"గా మారాయని ఆ టీచరు చెప్పింది. పిల్లలు నాలుగు రోజులు ఇంటా బయటా అదే వేట. రెండు లిపులూ ఒకే తల్లి లిపి పిల్లలని చూపించడానికి నల్లబల్లమీద రెండు వర్ణమాలలూ పక్కపక్కనే రాశాం. తలకట్టు దగ్గర తేడా పట్టుకుంటే సగం అక్షరాలు వాళ్ళంతట వాళ్ళే చదివేశారు.

రెండో పనికి అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో 1971లో ఇలియట్ ఆరన్సన్ మొదలుపెట్టిన పద్ధతి తీసుకున్నాం. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఎవరి ముక్క వాళ్ళు చెప్తేగాని జట్టుకు పాఠం పూర్తికాదు. మేము కృష్ణా నది పాఠం తీసుకున్నాం. ప్రతి జట్టులో ఇద్దరికి ముక్క తెలుగులో, ఇద్దరికి కన్నడంలో ఇచ్చాం. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన నది హంసలదీవి దాకా చేరాలంటే నలుగురూ మాట్లాడాల్సిందే. మొదటిరోజు గందరగోళమే. ఆ గందరగోళంలో రెండు భాషలూ తెలిసిన పిల్లల కోసం జట్లన్నీ వెతుక్కున్నాయి.

అంతా సర్దుకుపోయిందని చెప్పను. కుళాయిల దగ్గర అప్పుడప్పుడు పాత మాటలు ఇంకా వినిపిస్తాయి. నన్ను నిలదీసిన ఆ తండ్రి "ఇవన్నీ సిలబస్‌లో ఉన్నాయా?" అని ఇప్పటికీ అడుగుతారు.

ఇంట్లో మనం అనే మాటలు

తల్లిదండ్రులకు నాలుగు మాటలు మనవి చేస్తాను. పిల్లవాడు దెబ్బ తగిలి ఇంటికొస్తే "ఎవరు కొట్టారు, వాళ్ళ పిల్లలా?" అనకండి. "ఎవరు కొట్టాడు, వాడి పేరేంటి?" అని అడగండి. పేరు చెబితే అది ఇద్దరు పిల్లల తగువు, రేపటికి పోతుంది. గుంపు పేరు చెబితే అది ఊరి తగువు, పోదు. "కన్నడవాళ్ళు ఇంతే", "మనవాళ్ళు అలా చేయరు" అన్న మాట నోటి చివరకు వచ్చినప్పుడు, మన ఇంట్లో అలా చేసినవాళ్ళను ఒక్కరిని గుర్తు చేసుకోండి. కన్నడం మార్కుల కోసం చదివే సబ్జెక్టు అని చెప్పకండి, పక్కింటివాళ్ళ భాష అని చెప్పండి. పుట్టినరోజుకు పక్క బడి పిల్లల్లో ఒక్కరినైనా పిలవనివ్వండి.

టీచర్లుగా మనం చేయగలిగింది ఇంకా తేలిక. గుంపులు కట్టకుండా ఆటలు జరగవు, అది నిజమే. కానీ ఆ గుంపు ఆటతోనే పోవాలి. ఒకసారి పుట్టిన నెలనుబట్టి, ఒకసారి హాజరుపట్టీ అంకెనుబట్టి, ఒకసారి చీటీ తీసి జట్లు కడదాం. ప్రతిసారీ మారుస్తూ ఉంటే ఏ గుంపూ ఒంటికి అంటుకోదు.

మళ్ళీ రాజ్యోత్సవం వస్తోంది. ఈసారీ తాడు లాగుడు ఉంది. రెండు బడుల పిల్లల పేర్లూ చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేశాం. చీటీలు తీసే పని ఆ అమ్మాయికే అప్పగించాం. ఇప్పుడు ఆరో తరగతి. మొన్న రిహార్సల్లో మొదటి చీటీ తీస్తే వాళ్ళ పెద్దమ్మ కొడుకు పేరు, మూడో చీటీలో తన పేరు. ఇద్దరూ ఒకే పక్క పడ్డారు. రెండోసారి తీస్తే చెరో పక్క పడ్డారు. "ఇప్పుడెలా?" అని నేనడిగితే, "ఏం కాదు టీచర్, తర్వాతి ఆటకు మళ్ళీ మారుస్తారుగా" అంది.